దిద్దుబాటు దొరతనము

ఉపకారమను పేరిట లోకమున జరుగు అపకారములలో నొకటి యింతవరకు ఎవ్వరి యాక్షేపణకును గురికాక సుఖముగా వర్ధిల్లుచున్నది. అది పరుల మాటలలోని వ్యాకరణదోషములను, వారడుగకయే, పదుగురి యెదుట దిద్దుట. దిద్దువాడు పండితుడని పేరొందును. దిద్దబడినవాడు సిగ్గుపడి కృతజ్ఞత తెల్పును. చూచువారు భాషకేదో మేలు జరిగినదని తలలూచుదురు. మేలు జరుగలేదనియు, కీడే జరిగినదనియు చూపుట యీ వ్యాసము పని.

బడిలో గురువు శిష్యుని వ్రాతపుస్తకమును దిద్దుటను గూర్చి నేను చెప్పుట లేదు. అది నా వృత్తి. ఇరువదియేండ్లుగా ఎర్రసిరా చేతబట్టి ఆ పనియే చేయుచున్నాను. శిష్యుడు దిద్దించుకొనుటకే వచ్చును. గురువు దిద్దుటకే జీతము గొనును. అచ్చునకు పోవు గ్రంథమును సంపాదకుడు సవరించుటయు నిట్టిదే. నేనాక్షేపించునది వేరు. జీతము బత్తెము లేక, కేవలము ఇష్టముచేత, ఒక విషయమునందు మక్కువగల పదిమంది కూడినప్పుడు నోటితోను, కూడనప్పుడు వ్రాతతోను మాటాడుకొనుచుండగా, వారి నడుమ చేరి విషయమును విడిచి మాటను పట్టుకొను వాని తీరును నేనాక్షేపించుచున్నాను.

విశాఖపట్టణమున నిట్టి గోష్ఠులకు కొదువ లేదు. ఒకవంక సముద్రము, ఒకవంక కంబాలకొండ అడవి, కొంత దవ్వున కొండకర్ల ఆవ ఉండగా పక్షులను చూచువారికిని, గవ్వల నేరువారికిని, రాళ్ళపై గూర్చుండి గాలము వేయువారికిని ముచ్చట లెట్లు తరుగును? మేడమీది కుండీలలో వంగయు బెండయు పెంచు ఇల్లాండ్రు వీథివీథిని కానవత్తురు. ఈ యూరికింకొక విశేషము కలదు. 1933లో రేవు తెరచినప్పటినుండియు, 1992లో ఉక్కు కర్మాగారము జాతికంకితమైన తరువాతను, పనిపాటలకై నలుదెసలనుండి జనము వచ్చి యిచ్చట స్థిరపడినది. శ్రీకాకుళపు పల్లెలవారు, గోదావరి సీమవారు, రాయలసీమవారు, ఇంట ఒడియాయో తమిళమో బెంగాలీయో మాటాడువారు ఒక్క చాపమీద కూర్చుందురు. పదిమంది చేరినచోట పది తెలుగులు వినవచ్చును. అందును విషయము బాగుగ నెరిగినవాడు పుస్తకపు మాటలు తక్కువ నేర్చినవాడై యుండుట తరచుగ జరుగును. ఏ గాలికి ఏ చేప ఒడ్డు చేరునో జాలరికి తెలియును. పట్టపరీక్షలు తేరినవానికి తెలియదు. గోష్ఠికి ప్రాణమైన జ్ఞానము అట్టివారియొద్ద నున్నది. దానిని వారి నోట రప్పించుటయే గోష్ఠికి ఫలము.

నేనెరిగిన మిద్దెతోటల గోష్ఠి యొకదానిలో జరిగిన సంగతి వినుడు. సముద్రమునకెదురుగ నున్న యిండ్లపై మొక్కలు నిలుచుట కష్టము; గాలితో వచ్చు ఉప్పు ఆకులనంటి అంచులను మాడ్చును. దీనికి ఉపాయమేమని పలువురు ఆలోచించుచుండిరి. అంతవరకు ఒక్క మాటయు వ్రాయని యొక ముదుసలి యిల్లాలు తాను చేసిన పనిని వ్రాసెను. గాలి వచ్చు దెసను పాత నూలుచీరను తడికవలె కట్టినదట; ప్రొద్దుననే మంచినీటితో ఆకులను కడిగినదట. "ఆకులు మాడిపోనాయి, బేగి నీలు సల్లితే బతికినాయి" అని ఆమె మాట. దానికి వచ్చిన మొదటి ప్రత్యుత్తరము మొక్కలను గూర్చినది కాదు. 'మాడిపోనాయి' కాదు 'మాడిపోయినవి' అనవలెను. 'బేగి' కాదు 'వేగముగా'. 'నీలు' కాదు 'నీళ్ళు'. 'సల్లితే' కాదు 'చల్లితే'. ఇట్లు నాలుగు సవరణలు, చివర నొక నమస్కారము. ఏ మొక్కలు బ్రదికినవి, ఏవి పోయినవి, ఎన్నినాళ్ళకు చిగురు వచ్చినది, కడిగిన ఉప్పు కుండీలోనికి దిగి వేళ్ళకు చేటు చేయదా యని యడిగినవాడు లేడు. ఆమె "తప్పయినది, మన్నించండి" అని వ్రాసి యూరకుండెను. ఆ తరువాత ఆమె వ్రాత ఆ గోష్ఠిలో కనబడలేదు. నాలుగు మాటలు శుద్ధి పొందినవి. ఒక జీవితకాలపు అనుభవము అడుగంటినది. ఈ బేరములో లాభమెంత, నష్టమెంత యని లెక్కగట్టినవారెవ్వరు?

దిద్దువారి వాదములు మూడు. అపశబ్దమును ఉపేక్షించినచో భాష చెడునన్నది మొదటిది. తప్పు తప్పే గాని ఎవరు పలికిన నేమన్నది రెండవది. తప్పుమాట వలన అర్థము చెడునన్నది మూడవది. మూడింటిలో కడపటిదానియందు మాత్రమే కొంత సత్యము కలదు. వరుసగా విచారింతము.

మొదటి వాదము చేయువారు సంస్కృతము కొంచెము చదివినవారైనచో వెంటనే అసురుల కథ నెత్తుకొందురు. 'అరయః' అనవలసిన చోట 'అలయః' అని పలికి అసురులు పరాభవము పొందిరని పతంజలి మహాభాష్యమున చెప్పలేదా యందురు. చెప్పినాడు. కాని ఆ భాష్యపు తొలి యాహ్నికముననే యింకొక కథయు నున్నది. దాని మాట వీరు తలపెట్టరు. పరమార్థమును ప్రత్యక్షముగ నెరిగిన ఋషులు కొందరు 'యద్వా నః, తద్వా నః' అనవలసినదానిని వాడుకలో 'యర్వాణః, తర్వాణః' అని పలుకుచుండిరట. ఆ పలుకే వారికి పేరై నిలిచినదట. యజ్ఞకర్మమునందు మాత్రము వారట్లు పలుకలేదు గావున వారికే దోషమును అంటలేదు. దీని తాత్పర్యము పసివానికిని తెలియును. శుద్ధికి ఒక వేళయు ఒక చోటును కలవు. న్యాయస్థానపు తీర్పునకు, శాస్త్రగ్రంథమునకు, పాఠ్యపుస్తకమునకు శుద్ధి కావలెను. మిద్దెమీది వంగమొక్క యజ్ఞవాటిక కాదు.

రెండవ వాదమునకును భాష్యకారుడే యుత్తరము చెప్పి పెట్టినాడు. ఒక వైయాకరణుడు రథము నడుపువాని నుద్దేశించి, ఈ రథమునకు 'ప్రవేత' యెవరని యడిగెనట. నేనే 'ప్రాజిత'ను అని సారథి పలికెను. అది అపశబ్దమని వైయాకరణుడు గద్దించెను. నీకు సూత్రము చేరుచోటు తెలిసినది గాని, వాడుక కోరు రూపము తెలియలేదని సారథి బదులిచ్చెను. అంతట పండితుడు కోపించి సారథిని తిట్టబోయి, ఆ తిట్టులోనే శబ్దమును తప్పుగ కల్పించెను. సారథి దానినిగూడ సవరించెను! రెండువేల యేండ్లకు ముందే మన శాస్త్రకారుడు పండితుని కాదని రథము తోలువానిని గెలిపించినాడు. సంస్కృతమునందే వాడుక యింత బలీయమైనచో, నిత్యము కోట్ల నోళ్ళలో జీవించు తెలుగున దాని బలమెంత యుండవలెను?

ఆ యిల్లాలి మాటలనే మరల చూతము. 'చల్లు' అనుటకు 'సల్లు', 'చెప్పు' అనుటకు 'సెప్పు', 'చూడు' అనుటకు 'సూడు' అని యీ యుత్తరాంధ్రమున పల్లెలవారు పలుకుదురు. ఇది నాలుక మందగించుట కాదు, ఒక క్రమము. 'అయిపోనాది', 'ఎల్లిపోనాడు', 'మాడిపోనాయి' అనునవియు నట్లే ఒక్క త్రోవను నడచుచున్నవి. క్రమమున్నచోట వ్యాకరణమున్నది. ఆమె వ్యాకరణమును తప్పలేదు. దిద్దినవాని వ్యాకరణము వేరు, ఆమె వ్యాకరణము వేరు. రెండును తెలుగులే. ఒకటి బడిలో చోటు సంపాదించినది, ఒకటి సంపాదించలేదు. ఈ భేదము భాషలో నున్నది కాదు, మనుష్యుల అంతస్తులలో నున్నది.

ఈ విషయమున విశాఖ ప్రాంతమువారికి ఇతరులకు లేని బాధ్యత యొకటి కలదు. 1907 ప్రాంతమున ఈ యుత్తరమండలముల పాఠశాలల తనిఖీ అధికారిగా నుండిన యేట్సు దొర తెలుగు నేర్చుకొనుచు, వీథిలో వినబడు తెలుగునకును బడిపుస్తకములలోని తెలుగునకును ఇంత యెడమేల యని యడిగెను. ఆ ప్రశ్నను పట్టుకొని వాడుకభాషకై నిలిచినవారు విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును, నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారును. తరువాతి యేండ్లలో మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలలో వ్యాసరచనకు వాడుకభాష తగునా తగదా యని గొప్ప వివాదము నడచెను. జయంతి రామయ్య పంతులుగారి పక్షమువారు అప్పటికి నెగ్గిరి. కాని తొలుత గ్రాంథికపక్షమున నుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులగుటకు అంగీకరించిరి.

రామమూర్తిగారి వాదపద్ధతి నేటి దిద్దుబాటుదారులు శ్రద్ధతో చదువదగినది. ఇతరులను దోషజ్ఞులు కారని గద్దించు పండితుల గ్రంథములనే ఆయన ముందు పెట్టుకొని, వారు శాసించిన నియమములను వారే యెచ్చటెచ్చట మీరిరో చూపెను. ఆయన గ్రంథమొకదానికి 'ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము' అని పేరు. ఆ పేరులోని యెత్తిపొడుపును వేరుగ వివరింప నక్కరలేదు. వాడుకలో లేని రూపములను మహాపండితుడైనను తొట్రుపడక వ్రాయలేడనియు, పండితునకే సాధ్యము కానిదానిని పామరునిపై మోపుట అన్యాయమనియు ఆయన సిద్ధాంతము.

ఆ మహనీయుడు చేసిన రెండవ పని యింకను పెద్దది. నాడు లిపిలేని సవరభాషను ఆయన సవరలయొద్దనే నేర్చెను. సవర మాటాడువాని నింటికి పిలిచి, వాడు పలికినది పలికినట్లు వ్రాసికొనెను. 1931లో ఆ భాషకు వ్యాకరణమును ప్రకటించెను. వాడు పలికిన తొలిమాటకే 'ఇది తప్పు, ఇట్లనవలెను' అని యుండినచో ఆ గ్రంథ మెచ్చటనుండి పుట్టును? వినుటవలన వ్యాకరణము పుట్టును. గద్దించుటవలన మౌనము పుట్టును.

ఇక నేటి దిద్దుబాటుదారుల శుద్ధిని కొంచెము పరీక్షింతము. 'మాడిపోనాయి' అని వినిన చెవులు మూసికొనువారు తాము మాత్రము 'ప్రాధాన్యత', 'ప్రావీణ్యత', 'సౌజన్యత' యని నిస్సంకోచముగ వ్రాయుదురు. ప్రధానశబ్దమునకు భావప్రత్యయము చేరి ప్రాధాన్యమైనది. దానికి మరల 'త' యను ఇంకొక భావప్రత్యయమును తగిలించుట తలపాగామీద తలపాగా చుట్టుట. ఇల్లాలి మాట తెలుగు క్రమమును తప్పలేదు. వీరి మాట సంస్కృతక్రమమును తప్పినది. అయినను ఆమె నవ్వులపాలయినది, వీరు పండితులైరి. మరియు వీరి తాతలనాటి లెక్కచొప్పున 'ఏనుగు', 'వాడు' అను పదములలో అరసున్న లేకపోవుట తప్పు. 'గుర్రము', 'కర్ర' యని వ్రాయుట తప్పు, అచ్చట శకటరేఫముండవలెను. చిన్నయసూరి బాలవ్యాకరణమును పట్టుకొని కూర్చున్నవాడు నేటి పత్రికలలో ఏ పంక్తినైనను ఎర్రసిరాతో నింపవచ్చును. ఆ తప్పులు ఒప్పులెట్లయినవి? లోకము వాడుటచేతనే అయినవి. తమకు కలిసివచ్చినచోట లోకమును ప్రమాణముగ గొని, ఇతరులకు కలిసివచ్చుచోట శాస్త్రమును ప్రమాణముగ గొనుట న్యాయమా?

ఇంగ్లీషువారి చరిత్రయు దీనికి భిన్నము కాదు. 1672లో డ్రైడెను కవి, తనకు పూర్వుడైన బెన్ జాన్సను వాక్యాంతమున విభక్త్యవ్యయమును నిలిపెనని తప్పుపట్టెను. ఆ యాక్షేపణ క్రమముగ బడులలో శాసనమై కూర్చుండెను. ఎందరో విద్యార్థులు దానికి భయపడిరి. ఇంగ్లీషు మాటాడు జనము మాత్రము ఆనాడెట్లు పలికినదో ఈనాడును అట్లే పలుకుచున్నది. మన గోష్ఠులలో ఇంగ్లీషు తప్పులను దిద్దువారు ఈ సంగతి నెరుగుట మంచిది.

పక్షివీక్షకుల నడుమ ఇంకొక చోద్యము కలదు. కొండకర్ల ఆవలో తాటిదోనె నడుపువాడు ఒక నల్లని పక్షిని చూపి 'నీటికాకి' యన్నచో, కాకికిని దానికిని చుట్టరికము లేదు, 'కార్మొరెంటు' అనవలెనని దిద్దువారున్నారు. ఆ ఇంగ్లీషు పేరునకు మూలము లాటినునందు 'సముద్రపు కాకి' యను మాట! దోనెవాడు తన కంటితో చూచి పెట్టిన పేరును, పాశ్చాత్యులు తమ కంటితో చూచి పెట్టిన పేరుతో తుడిచివేయుట విజ్ఞానమా? రెండు పేర్లును వ్రాసికొనుట విజ్ఞానము.

మూడవ వాదము మిగిలినది. తప్పువలన అర్థము చెడునందురు. చెడినచోట తప్పక దిద్దవలెను. ఇందు నాకు వివాదము లేదు. కాని చెడునో లేదో మొదట చూడవలెను గదా! 'మూడు పాళ్ళు మట్టి' యనుటకు 'మూడు పాలు మట్టి' యని వ్రాసినంతమాత్రమున ఎవడును పాలు కొనితెచ్చి కుండీలో పోయడు. 'అర్ధకిలో' యనుటకు 'అర్థకిలో' యని వ్రాసిన, అర్థమును తూకము వేయుటకు ఎవడును అంగడికి పోడు. సందర్భమే యచ్చట దిద్దుకొనుచున్నది. నిజముగ భయపడవలసిన తప్పులు వేరు. మన తెలుగున విధికిని నిషేధమునకును నడుమ ఒక్కొక్కప్పుడు ఒక్క యక్షరమే కంచె. 'పోటు వచ్చునప్పుడు ఆ బండమీద నిలువకండి' యని గాలము వేయువారికి చెప్పదలచినవాడు 'క'కారము జారవిడిచి 'నిలువండి' యని వ్రాసినచో, ఆ యొక్క యక్షరము ఒక ప్రాణమును గొనవచ్చును. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లని చెప్పవలసినచోట 'మిల్లీ' లోపించినచో తోట తోటయే నాశనమగును. ఇట్టివి కనబడిన క్షణమే దిద్దవలెను. చిత్రమేమనగా, ఇవి వ్యాకరణరీత్యా నిర్దోషములైన వాక్యములు! సంధులను సమాసములను వెదకు కన్నులకు ఇవి కానరావు. అపశబ్దములను వేటాడువాడు అపాయమును చూడడు.

దిద్దుటకును ఒక పద్ధతి కలదు. అర్థము సందిగ్ధమైనచో 'తమ యభిప్రాయము నిలువవద్దనియే గదా?' యని యడుగవలెను, అడుగుటయే దిద్దుట. మాటయొక్క రూపమును గూర్చి చెప్పవలసియున్నచో ఏకాంతమున చెప్పవలెను. అదియు వారు కోరినప్పుడే. అన్నింటికంటె ముందు, చెప్పిన విషయమునకు ఉత్తరమియ్యవలెను. ఆ యిల్లాలికి 'నీళ్ళు చల్లితే ఎన్నినాళ్ళకు తేరుకొన్నవమ్మా?' యని యొకడడిగి యుండినచో, ఆ ప్రశ్నలోనే 'నీళ్ళు' అను రూపమును, 'చల్లు' అను రూపమును ఆమె చెవిని పడియుండును, గౌరవమును నిలిచియుండును. తల్లి బిడ్డకు మాటలు నేర్పుట ఇట్లే గదా! బిడ్డ 'అత్త' యని చేయి చాచి ముద్ద నడిగిన, 'అన్నమా నాన్నా, ఇదిగో' యని తల్లి ముద్ద పెట్టును. ముద్ద పెట్టక మాట దిద్దు తల్లిని లోకమున చూడము.

ఇంత చెప్పియు నీవు గ్రాంథికచ్ఛాయలో వ్రాయుటేల యని కొందరడుగవచ్చును. ఈ పత్రికకు ఈ భాష ఆచారము, నాకు నిష్టము, చదువరులకు పరిచితము. నా యుత్తరీయము నాకు ముద్దు. ఎదుటివాని భుజముమీద ఉత్తరీయము లేదని వానిని అరుగు దిగుమనుట మాత్రము నాకు సమ్మతము కాదు. ప్రమాణభాష యక్కరలేదని నేననలేదు. పిల్లలకు దానిని చక్కగ నేర్పవలెననియే నా యేండ్లు గడచుచున్నవి. నేర్పుట వేరు, నేర్వనివాని నోరు మూయించుట వేరు.

చదువరులారా! మన యిండ్లలో, మన గోష్ఠులలో చదువు తక్కువైన తల్లులు, పనివాండ్రు, జాలరులు, పరభాషలవారు ఎంతో ధైర్యము కూడగట్టుకొని ఒక్క మాట యందురు. తరతరములుగా మాటాడవద్దని చెప్పబడినవారు మొదటిసారి నోరు విప్పుచున్నారు. స్త్రీవిద్యకును, సర్వజనవిద్యకును మన పెద్దలు పడిన పాట్లు వారి నోళ్ళు తెరచుటకే గాని, తెరచిన నోళ్ళను వ్యాకరణమను తాళముతో మరల మూయుటకు కాదు. ఇకమీద ఎవరైన 'ఆకులు మాడిపోనాయి' యని చెప్పినచో, ఆకులను గూర్చి అడుగుడు.